అర క్షీరదం తక్కువ

ఫిబ్రవరి పంతొమ్మిది, గురువారం ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు నేరేడుమిల్లి పశువుల ఆసుపత్రిలో కోరాడ త్రినాథ్ పేరు నమోదయింది. వరసలో అతని ముందు ఒక గేదె ఉంది. వెనక రెండు మేకలు ఉన్నాయి. ఆదివారం తెల్లవారుజామున అతని పెళ్లి.

త్రినాథ్‌కు ముప్పై ఆరేళ్లు. సంత వీధిలో ప్లాస్టిక్ సామాన్ల కొట్టు నడుపుతాడు. బకెట్లు, బిందెలు, కుర్చీలు, టిఫిన్ డబ్బాలు అమ్ముతాడు. పశువుల ఆసుపత్రి గుమ్మం ఎక్కడం అతనికి అదే మొదటిసారి. పక్కన మేనమామ మడికి పేరయ్య ఉన్నాడు. తల్లీ తండ్రీ పోయిన త్రినాథ్‌ను చేరదీసి పెంచింది ఆయనే. ఆ పనిలో పడి తను పెళ్లి చేసుకోలేదు.

కల్యాణ మండపం మేనేజరు ముందు రోజు సాయంత్రం కొట్టుకు వచ్చి సంగతి చెప్పిపోయాడు.

"పత్రం లేకపోతే తాళం తియ్యనండి. నా లైసెన్సు పోద్ది. గొడ్లాసుపత్రిలో ఇస్తారంట."

"పెళ్లికొడుక్కి గొడ్లాసుపత్రేంటయ్యా?" అన్నాడు పేరయ్య.

"నన్నడిగితే నేనేం చెప్తానండి? జీవో అలా ఉంది."

జీవో అలా ఉన్న మాట నిజం. జనవరిలో రాజధానిలో ఒక సదస్సు జరిగింది. ఒక శాస్త్రవేత్త అరగంట మాట్లాడింది. ప్లాస్టిక్ అరిగి, విరిగి, కంటికి కనపడనంత నలుసులవుతుందనీ, ఆ నలుసులు నీటితో, తిండితో, గాలితో ఒంట్లో చేరతాయనీ చెప్పింది. వాటిని తినిపించిన ఎలుకల్లో మగవాటికి వీర్యకణాలు తగ్గాయనీ, ఆడవాటికి అండాశయాలు దెబ్బతిన్నాయనీ చెప్పింది. మనుషుల ఒంట్లో కూడా నలుసులు దొరికాయి గానీ అవి అక్కడ ఏం చేస్తున్నాయో ఇంకా తేలలేదని, తేల్చాలని చెప్పి కూర్చుంది. ముందు వరసలో ఉన్న మంత్రిగారికి ఆ చివరి మాటలప్పుడు ఫోన్ వచ్చింది.

మూడు వారాలకు ఉత్తర్వు వెలువడింది. "జత కట్టించుటకు పూర్వము ప్రతి క్షీరదమునకు పునరుత్పత్తి సామర్థ్య ధ్రువపత్రము తప్పనిసరి" అని అందులో ఉంది. ఎవరు ఇవ్వాలో లేదు. ఫైలు మొదట ఆరోగ్య శాఖకు పోయింది. తమ రికార్డుల్లో రోగులు, గర్భిణులు, బాలింతలు, లబ్ధిదారులు ఉన్నారనీ, క్షీరదాలు ఎక్కడా లేవనీ వాళ్లు తిప్పి పంపారు. అటవీ శాఖ, తమ వద్ద క్షీరదాలు ఉన్నాయి గానీ అవి ముందుగా తెలియజేసి జత కట్టవని రాసింది. పశుసంవర్ధక శాఖకు చేరేసరికి అక్కడ సంబంధిత గుమాస్తా సెలవులో ఉన్నాడు. జవాబు పోలేదు. జవాబు రాకపోవడాన్ని అంగీకారంగా భావించారు. "జత కట్టించు స్థలములు" అన్న మాట కింద రాష్ట్రంలోని కల్యాణ మండపాలన్నీ వచ్చాయి.

పరీక్ష ఎలా చేయాలన్నది తర్వాతి ప్రశ్న. మొదటి వారం దున్నపోతుల నుంచి నమూనాలు తీశారు. నమూనా పట్టే గొట్టం ప్లాస్టిక్‌ది. పరీక్షించిన ప్రతి దున్నలోనూ ప్లాస్టిక్ తేలింది. ఖాళీ గొట్టం పరీక్షిస్తే అందులోనూ తేలింది. దాంతో నమూనాలు మాని, పాత పద్ధతి పాటించాలని జిల్లా కార్యాలయం ఆదేశించింది. పాత పద్ధతిలో దున్న మంచిదో కాదో దాని దూడల్ని చూసి చెబుతారు.

డాక్టర్ చక్రపాణి గేదెను పంపించి త్రినాథ్‌కు కుర్చీ చూపించారు. అది ప్లాస్టిక్ కుర్చీ. సంగతి గుర్తొచ్చి లేవమన్నారు. త్రినాథ్ లేచాడు. ఆ కుర్చీ అతని కొట్టులో కొన్నదే.

"జాతి?" అన్నారు డాక్టరు.

"మనిషినండి."

"అది నాకూ కనపడుతోందయ్యా. దేశవాళీయా, సంకరమా?"

"మాది ఈ ఊరేనండి. మా అమ్మోళ్లది ఏటి అవతల."

"దేశవాళీ. కొమ్ములు?"

త్రినాథ్ మేనమామ వైపు చూశాడు.

"లేవండి," అన్నాడు పేరయ్య.

"పుట్టుకతో లేవా, చిన్నప్పుడు కాల్పించారా?"

"పుట్టుకతోనే లేవండి. నాకు తెలుసు."

"మేత?"

"పొద్దున్న ఇడ్లీ అండి," అన్నాడు త్రినాథ్. "కవర్లో కట్టిస్తాడు. సాంబారూ కవర్లోనే. టీ కూడా కవర్లోనే తెప్పించుకుంటానండి, కొట్టొదిలి రావడం కుదరదు."

"మధ్యాహ్నం?"

"మావయ్య కేరేజీ పంపిస్తాడండి."

"స్టీలుదేనా?"

"కొట్టులోదేనండి."

డాక్టరు కలం కింద పెట్టారు. "నీకంటే మా గేటు ముందు తిరిగే ఆవులు నయం. అవి మధ్య మధ్యలో వాల్‌పోస్టర్లు కూడా తింటాయి." మళ్లీ కలం తీశారు. "సంతతి?"

"ఎవరిదండి?"

"నీదే. పిల్లలు."

"నా పెళ్లి ఆదివారవండి."

"అందుకే అడుగుతున్నాను. పిల్లలుంటే తీసుకొచ్చి చూపించు. ఇప్పుడే సంతకం పెడతాను, పెళ్లి చేసుకోవచ్చు."

"పెళ్లి కాకుండా పిల్లలెలా ఉంటారండి?"

"ముప్పై ఏళ్ల సర్వీసులో ఏ దున్నా నాతో ఈ పేచీ పెట్టలేదు," అన్నారు డాక్టరు.

పేరయ్య తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "అయితే ఇది అయ్యే పని కాదన్నమాట," అన్నాడు. ఆ మాట అనేటప్పుడు ఆయన ముఖంలో విచారం లేదని త్రినాథ్ గమనించాడు.

కారణం ఉంది. పెళ్లికూతురు శేషవేణి ఆర్టీసీలో కండక్టరు. భర్త ఐదేళ్ల కిందట జ్వరంతో పోయాడు. ఎనిమిదేళ్ల కూతురుంది, పేరు తనూజ. రెండో పెళ్లికి పేరయ్య అడ్డు చెప్పలేదు. పిల్లను మాత్రం హాస్టల్లో వేయాలన్నాడు. "ఇంకొకరి బిడ్డ మన బిడ్డ ఎలా అవుద్దిరా?" అన్నది ఆయన వాదన. "పాప లేని ఇంటికి నేనూ రాను," అన్నది శేషవేణి మాట. త్రినాథ్ మేనమామతో చూద్దామన్నాడు. శేషవేణితో మాట్లాడతానన్నాడు. శుభలేఖలు అచ్చయ్యాయి. చూడటమూ, మాట్లాడటమూ జరగలేదు. ఇప్పుడు మధ్యలో రెండు రోజులు మిగిలాయి.

పావు తక్కువ పన్నెండుకు నేరేడుమిల్లి నుంచి సామంతపురం బస్సు బయలుదేరుతుంది. జిల్లా కేంద్రం అదే. త్రినాథ్ ముందు తలుపు నుంచి ఎక్కాడు. శేషవేణి టికెట్ల మిషనుతో వచ్చింది.

"ఎక్కడికి?"

"నీతో మాట్లాడాలి."

"మాటకైనా టికెట్టే. ఎక్కడిదాకా?"

"ఎక్కడికి తెమిలితే అక్కడిదాకా."

ఆమె సామంతపురానికి కొట్టి చేతిలో పెట్టింది. అతను నిలబడి చెప్పడం మొదలుపెట్టాడు. ఆమె ముందు సీట్లకు పోయినప్పుడు ఆపాడు, వచ్చినప్పుడు అందుకున్నాడు. దాంతో సంగతి బస్సంతా ముక్కలు ముక్కలుగా విన్నది. చేపల తట్ట ఒళ్లో పెట్టుకున్న ముసలావిడ కొమ్ముల దగ్గర ఆపి మళ్లీ చెప్పించుకుంది.

"ఉన్నాయన్నావా, లేవన్నావా?"

"లేవన్నానండి."

"ఉన్నాయని చెప్తే భయపడి ఇచ్చేద్దురు నాయనా. నీకు మాట్లాడ్డం రాదు."

ఆఖరికి శేషవేణి తన సీట్లో కూర్చుంది. "పిల్లలుంటే పత్రం ఇస్తానన్నాడా? నాకుందిగా."

"నీకిస్తాడు. నాకివ్వడు."

"మా డిపోలో ఒక్క పాస్ మీద కుటుంబమంతా ఎక్కుద్ది. గొడ్ల శాఖలో అలాంటిది లేదా?"

"అడగలేదు."

"ముప్పై ఆరేళ్లు పెళ్లి కాకుండా ఎలా ఉండిపోయావో ఇప్పుడు తెలిసింది," అంది. ముసలావిడ తల ఊపింది.

సామంతపురంలో బస్సు నలభై నిమిషాలు ఆగుతుంది. శేషవేణి ఖాకీ చొక్కాతో, మెడలో టికెట్ల మిషనుతో జిల్లా పశుసంవర్ధక కార్యాలయానికి నడిచింది. వెనక త్రినాథ్ నడిచాడు.

జాయింట్ డైరెక్టరు విశ్వనాథం బూడిద రంగు సఫారీ సూటులో ఉన్నారు. ఆయన నోటితో మాట్లాడినా కాగితం మీద రాసినట్టే ఉంటుంది. విషయం విన్నారు. పుస్తకం తిప్పారు.

"వ్యక్తిగత ధ్రువపత్రమునకు సదరు మగ క్షీరదము అర్హము కాదు. అయితే మంద ధ్రువపత్రమునకు దరఖాస్తు చేసుకొనవచ్చును."

"మందంటే ఏంటండి?" అంది శేషవేణి.

"ఒకే పాకలో నివసించు క్షీరదముల సముదాయము. అందులో సగమునకు తగ్గకుండా సంతతి రుజువైనవి ఉండవలెను. సదరు సంతతి కూడ అదే మందలో కళ్లెదుట ఉండవలెను. మందను విడదీయరాదు. విడదీసినచో పత్రము రద్దగును."

శేషవేణి వేళ్లు మడిచింది. "నేను, మా పాప, ఈయన. ముగ్గురం. రుజువైంది నేనొక్కదాన్నే."

విశ్వనాథం క్యాలిక్యులేటరు దగ్గరకు లాక్కున్నారు. "మూడింటిలో సగము ఒకటిన్నర. మీ వద్ద ఒకటి కలదు. అర క్షీరదము తక్కువైనది."

"అర ఎక్కడ దొరుకుద్దండి?" అన్నాడు త్రినాథ్.

"అర క్షీరదము సాంకేతికముగా లేదు. పూర్ణ క్షీరదము తేవలెను."

"ఈనిన గేదెని తెస్తేనండి?"

"దూడతో సహా తేవలెను."

"దూడతోనే తెస్తానండి."

మళ్లీ నొక్కారు. "మొత్తము ఐదు. సగము రెండున్నర. రుజువైనవి రెండు. అర తక్కువ."

"రెండు గేదెలు, రెండు దూడలు."

"మొత్తము ఏడు. సగము మూడున్నర. రుజువైనవి మూడు. అర తక్కువ."

"పది గేదెలు తెస్తానండి. పదీ ఈనినవే."

విశ్వనాథం కాసేపు నొక్కారు. తర్వాత క్యాలిక్యులేటరు పక్కన పెట్టి కళ్లద్దాలు తీశారు. "ఎన్ని తెచ్చినను అర స్థిరముగా ఉన్నది. ఇది ఈ కార్యాలయము కూడ ఇప్పుడే గమనించుచున్నది."

గుమాస్తాను పిలిచి ఆ సంగతి రాసుకోమన్నారు. త్రినాథ్ గోడ గడియారం చూశాడు. బస్సుకు పదిహేను నిమిషాలుంది. తొందరలో నోరు జారాడు.

"పాపని లెక్కలోంచి తీసేస్తేనండి? అప్పుడు ఇద్దరమే. రెంట్లో ఒకటి సగమేగా."

శేషవేణి అతని వైపు తిరిగింది.

"తీసినచో రుజువు పోవును," అన్నారు విశ్వనాథం. "అప్పుడు ఆమెయును రుజువు కానిదే అగును. రెండింటిలో సున్నా."

"సున్నా," అంది శేషవేణి త్రినాథ్‌తో. "విన్నావా?"

"విన్నాను."

"మళ్లీ చెప్పించమంటావా?"

"వద్దు."

ఆమె విశ్వనాథం వైపు తిరిగింది. "సార్, ఈయన్ని పెంచిన మావయ్య ఉన్నాడు. ఆయనకి పెళ్లి లేదు, పిల్లల్లేరు. ఈయన్నే చంకనేసుకుని పెంచాడు. ఆయన్ని కలిపితే?"

పుస్తకం మళ్లీ తిరిగింది. ఈసారి చాలా పేజీలు తిరిగింది. "కలదు. తల్లి మరణించిన దూడను వేరొక పశువు దరి చేర్చుకొని సాకినచో, సదరు దూడను సాకిన పశువు సంతతిగా నమోదు చేయవచ్చును. సాకిన పశువు అంగీకారము అవసరము. దూడను తన్నకుండుటయే అంగీకారముగా భావింపబడును."

త్రినాథ్ అబద్ధం ఆడలేకపోయాడు. "మావయ్య నన్ను తన్నేవాడండి."

"ఏ సందర్భమున?"

"లెక్కలు తప్పినప్పుడండి."

"శిక్షణలో భాగముగా పరిగణించవచ్చును." నలుగురు, ఇద్దరు అని క్యాలిక్యులేటరు మీద నొక్కి చూసుకున్నారు. "సరిగ్గా సగము. అయితే సాకినవారు స్వయముగా నేరేడుమిల్లి ఆసుపత్రికి పోయి, మందలోని సభ్యులందరితో ఒకే పాకలో ఉందునని సంతకము చేయవలెను."

మెట్లు దిగుతూ శేషవేణి మిషను సర్దుకుంది. "అందరితో అంటే మా పాపతో కూడా. మీ మావయ్యని నువ్వే అడగాలి. నేను అడగను. బస్సుకి టైమయింది, నీ టికెట్టు తిరుగుప్రయాణానికి చెల్లదు."

శుక్రవారం సాయంత్రం కొట్టు కట్టేసే ముందు త్రినాథ్ అడిగాడు. పేరయ్య బిందెలు ఒకదాంట్లో ఒకటి పెడుతున్నాడు. ఆయన పని ఆపలేదు.

"ఈ వయసులో నన్ను గొడ్ల పుస్తకంలో ఎక్కిస్తావట్రా?"

"నన్నెప్పుడో ఎక్కించారు మావయ్యా. కొమ్ముల్లేవని నువ్వే చెప్పావు."

"ఆ పిల్లని హాస్టల్లో వెయ్యమంటే తప్పేముందిరా? చదువుకుంటది. అక్కడ తిండి పెడతారు, గుడ్డిస్తారు."

"వేస్తే మంద విడిపోద్ది. పత్రం పోద్ది."

"పత్రం సంగతి నేను మాట్లాట్టం లేదు. ఒకరి బిడ్డని మన బిడ్డని కాయితం మీద రాసేసుకుంటే అయిపోద్దా?"

"నన్నూ అలాగే రాయాలి మావయ్యా. రేపు అడుగుతారు. రాయనంటావా?"

పేరయ్య చేతిలో బిందె మూడో బిందెలో పట్టలేదు. అది చిన్న బిందెలో పెద్ద బిందె. కాసేపు నొక్కి చూశాడు. తర్వాత దాన్ని కింద పెట్టి, షట్టరు లాగి, ఇంటికి నడిచాడు. అన్నం దగ్గర పప్పు త్రినాథ్‌కే రెండుసార్లు వేశాడు.

శనివారం పొద్దున్న త్రినాథ్ లేచేసరికి మేనమామ మంచం ఖాళీగా ఉంది. పశువుల ఆసుపత్రికి వెళ్లి చూస్తే పేరయ్య వరసలో ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ఇద్దరి మధ్యా ఒక మేకా, దాన్ని పట్టుకున్న మనిషీ ఉన్నారు. వరస దాటితే ఒప్పుకోరు కనుక త్రినాథ్ మేక వెనకే నిలబడి విన్నాడు.

"సంతతి పేరు?" అన్నారు డాక్టర్ చక్రపాణి.

"త్రినాథ్ అండి."

"సాకడం ఏ వయసు నుంచి?"

"తొమ్మిదో నెల నించండి."

"ఏ పాలు?"

"మేకపాలండి. ఆ మేకకి తన్నే గుణం ఉండేది. కాళ్లు కట్టి పితికేవాణ్ణి. వీడికి పళ్లొచ్చాక జావ పట్టాను. ఉప్పేస్తే తాగేవాడు కాదు, బెల్లం వెయ్యాలి."

"జబ్బులు?"

"ఐదో ఏట ఆటలమ్మ పోసిందండి. వేపమండ పట్టుకుని పక్కనే కూర్చున్నాను. గోక్కోకుండా చేతులకి గుడ్డ సంచులు కుట్టి తొడిగాను. అయినా ముక్కు మీద ఒకటి గోక్కున్నాడు, మచ్చ ఇప్పటికీ ఉంది."

"ఇదంతా గడిలో పట్టదండి పేరయ్యగారూ."

"పట్టకపోతే మానెయ్యండి. అడిగారని చెప్పాను."

"సొంత సంతతా, పెంపకమా?"

పేరయ్య వంగి కాగితం చూశాడు. "గళ్లు రెండున్నాయా, ఒకటేనా?"

"సంతతి అని ఒకటే ఉందండి."

"మరింక అడగడమెందుకు?"

డాక్టరు రాసుకున్నారు. తర్వాతి గడి చదివారు. "మందలోని నాలుగో సభ్యురాలు, తనూజ, ఎనిమిదేళ్లు. ఒకే పాకలో ఉంచుతారా?"

"పాక కాదండి. డాబా."

"ఉంచుతారా అని అడుగుతున్నాను."

మేక అరిచింది. దాన్ని పట్టుకున్న మనిషి తొందరగా కానిమ్మన్నాడు. పేరయ్య చొక్కా జేబులోంచి కలం తీసి, మూత విప్పి, చూసుకున్నాడు. అది ప్లాస్టిక్ కలం. డాక్టరు ఇంకుముద్ర డబ్బా ముందుకు జరిపారు.

"మేడ మీద గది ఖాళీగానే ఉంది," అని పేరయ్య వేలిముద్ర వేశాడు. ఆయన ఎనిమిదో తరగతి పాసయ్యాడు.

పత్రం ఇచ్చాక గుర్తింపు సంఖ్యలు ఇవ్వాలి. మామూలుగా పశువుల చెవికి పసుపు పోగు గుచ్చుతారు. ఆ పోగు ప్లాస్టిక్‌ది కనుక ఆ నెలలోనే నిలిపేశారు. బదులుగా నంబరు చెక్కిన ఇత్తడి గంటలు వచ్చాయి. పేరయ్యకు 0414, శేషవేణికి 0415, త్రినాథ్‌కు 0416, తనూజకు 0417 వచ్చాయి. మెడలో కట్టుకోవాలి. పత్రం చెల్లుబాటులో ఉన్నంత కాలం తీయకూడదన్నది నిబంధన. పేరయ్య ఇంటికి పోతూ గంట నాలుకకు గుడ్డ చుట్టాడు.

ఆదివారం తెల్లవారుజామున నాలుగింటికి మండపం తెరిచారు. జత కట్టించు స్థలంలో ప్లాస్టిక్ ఉండరాదని జిల్లా కార్యాలయం నిబంధన పెట్టింది కనుక లోపల కుర్చీలు లేవు. వచ్చినవాళ్లు గోనెసంచుల మీద కూర్చున్నారు. నీళ్లు ఆకుదొన్నెల్లో పోశారు. గుమ్మం దగ్గర మేనేజరు అగ్గిపెట్టెతో నిలబడ్డాడు. వచ్చిన ప్రతి మనిషి బట్టలోంచి ఒక దారం లాగి కాలుస్తాడు. బూడిదైతే నూలు. ముద్దయితే ప్లాస్టిక్ నూలు. ముద్దయినవాళ్లను బయటే నిలబెట్టాడు. పెళ్లికి వచ్చినవాళ్లలో మూడొంతుల మంది వీధిలో ఉన్నారు. పురోహితుడి పంచె నూలుదే గానీ కళ్లజోడు కుదరలేదు. ఆయన దాన్ని మేనేజరుకు ఇచ్చేసి, మంత్రాలు కంఠతా వచ్చు, పెళ్లికొడుకు ఎవరో మాత్రం కాస్త చూపించండని అడిగాడు.

ముహూర్తానికి ముందు పర్యవేక్షణ నిమిత్తం విశ్వనాథం జీపులో వచ్చారు. మేనేజరు ఆయన సఫారీ సూటులోంచి దారం లాగాడు. కాల్చాడు. ముద్దయింది.

"నేను జిల్లా అధికారిని," అన్నారు విశ్వనాథం.

"తెలుసండి. మరి ముద్దయిందండి."

"ఈ నిబంధన జారీ చేసినది నేనే."

"అందుకేనండి భయం. తప్పితే మీరే నా లైసెన్సు తీసేస్తారు."

విశ్వనాథం కొంతసేపు ఆలోచించారు. అది సరైన సమాధానమేనని అన్నారు. గేటు బయట నిలబడి పర్యవేక్షించారు. జీపులో కూర్చుందామంటే సీట్లు రెగ్జిన్‌వి.

లోపల మూడు మెడగంటల చప్పుడు మీద పురోహితుడు గొంతు పెంచి చదివాడు. త్రినాథ్ తాళి కట్టడానికి వంగినప్పుడు 0416 తాడు 0415 తాడులో చిక్కుపడింది. లేవబోతే ఇద్దరి తలలూ కలిసి వచ్చాయి. మేళం ఆగింది.

"ఎవరైనా విడదియ్యండమ్మా," అన్నాడు పురోహితుడు.

"మందను విడదీయరాదు," అని గేటు దగ్గర నుంచి వినపడింది.

"గంటల్నండీ," అని పురోహితుడు అరిచాడు.

తనూజ ఇద్దరి మధ్యా దూరి, పళ్లతో ముడి లాగి, తాళ్లు విడదీసింది. పేరయ్య ఆమె తలలో పడిన అక్షింతలు దులిపి, మళ్లీ గుర్తొచ్చి, నాలుగు అక్షింతలు వేశాడు.

భోజనాలయ్యాక విశ్వనాథం గేటు కమ్మీల మధ్య నుంచి ఒక కాగితం అందించారు. మూల పరిశోధన ఎలుకలపై జరిగినందున తదుపరి పర్యవేక్షణ కూడా ఎలుకల ప్రకారమే జరుగుతుందని అందులో ఉంది. ఎలుక చూలు మూడు వారాలు. కనుక జత కట్టిన ఇరవై రెండవ రోజున అధికారి ఇంటికి వచ్చి పిల్లల సంఖ్య నమోదు చేస్తారు. సంఖ్య సున్నా అయితే మంద ధ్రువపత్రం రద్దవుతుంది. రద్దయితే జత చెల్లదు.

శేషవేణి చదివి మడిచి టికెట్ల సంచిలో పెట్టుకుంది. "అధికారికి చదువొచ్చా?" అంది.

"వచ్చండి," అన్నాడు త్రినాథ్.

"లెక్కపెట్టడం వస్తే చాల్లే. అండీ గిండీ మానెయ్, ఇందాకే పెళ్లయింది."

మార్చి పదహారు, సోమవారం మధ్యాహ్నం రెండు గంటలకు డాక్టర్ చక్రపాణి పేరయ్య ఇంటికి వచ్చారు. ఎండగా ఉంది. పేరయ్య స్టీలు గ్లాసుతో మజ్జిగ ఇచ్చాడు. కొట్టులో ఉన్న త్రినాథ్‌కు కబురు పోతే వచ్చాడు. శేషవేణి ఆ పూట డ్యూటీలో ఉంది. ఒంటిపూట బడి అయిపోయి తనూజ వరండాలో బోర్లా పడుకుని బొమ్మకు రంగులు వేస్తోంది. ఏనుగుకు ఆకుపచ్చ వేసింది.

డాక్టరు కాగితం తీసి మోకాలి మీద పెట్టుకున్నారు. "నాకు సిగ్గుగానే ఉందండి. కానీ పై నుంచి మూడుసార్లు ఫోన్ చేశారు. పిల్లల సంఖ్య?"

"కనపడుతోందిగా," అన్నాడు పేరయ్య.

డాక్టరు వరండా అంతా చూశారు. "ఒకటి," అని రాశారు. "ఎలుకల్లో సగటున పది ఉంటాయి. తక్కువకు కారణం రాయమంటారు."

"మేడ మీద ఒక గదే ఉందండి," అన్నాడు పేరయ్య.

"స్థలాభావం," అని డాక్టరు రాశారు. "వయసు, రోజుల్లో?"

త్రినాథ్ లెక్క కట్టబోయాడు. తనూజ రంగుపెన్సిలుతోనే పుస్తకం వెనక అట్ట మీద మూడువందల అరవై ఐదును ఎనిమిదితో గుణించింది. పైన రెండు నెలలు కలిపింది. పేరయ్య వంగి చూశాడు. లెక్క తప్పింది. ఆయన తన్నలేదు.

"లీపు సంవత్సరాలు మర్చిపోయావమ్మా," అన్నాడు త్రినాథ్. "రెండు రోజులు కలుపు."

ఆమె కలిపి చెప్పింది. డాక్టరు రాసుకున్నారు.

"దంతాలు?"

తనూజ నోరు తెరిచి చూపించింది. పై వరసలో ఒకటి ఊడింది, ఒకటి కదులుతోంది. డాక్టరు రెండూ రాసుకున్నారు.

"తండ్రి నంబరు?"

త్రినాథ్ తనూజ వైపు చూశాడు. ఆమె అతని మెడలోని గంటను దగ్గరకు లాగి, తిప్పి, చదివింది.

"సున్నా నాలుగు ఒకటి ఆరు," అంది.

డాక్టరు రాసి కాగితం మడవబోయారు. పేరయ్య ఆపాడు.

"తాత గడి లేదాండి అందులో?"

"లేదండి. పశువుల్లో తాతను రాయరు."

"అంచున ఖాళీ ఉంది కదా."

డాక్టరు కాగితం మళ్లీ మోకాలి మీద పెట్టుకుని అంచున రాశారు. తాత: మడికి పేరయ్య, 0414.